పసుపు గొంతు పిగిలిపిట్టను చూడటం ఎలా?

రాయలసీమకు బైనాక్యులర్స్ మెడలో వేసుకుని వచ్చేవాళ్లను ఏ పిట్ట చూడాలనుందని అడిగితే ముందు కలివికోడి పేరే చెబుతారు. ఎనభై ఏళ్లకు పైగా జాడ లేక, ఇక లేదనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. అది రాత్రుళ్లు తిరిగే పక్షి, పైగా మిగిలినవి ఏ కొన్నో. ఆదివారం పూట పోయి చూసొచ్చే వ్యవహారం కాదు.

వాళ్లు చెప్పే ఇంకో పేరు మాత్రం మన కొండల్లోనే ఉంది. అదే పసుపు గొంతు పిగిలి. దక్షిణ భారతంలోని రాతి కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా కనిపించదు. దీన్ని 1845లో శాస్త్రలోకానికి పరిచయం చేసిన జెర్డన్ మన పక్కనున్న నెల్లూరులో డాక్టరుగా పనిచేసినవాడే.

ముందు ఇంటి దగ్గరి పిగిలిని నేర్చుకోండి

చాలామంది నేరుగా అడవికి పోయి తెల్లమొహం వేసుకుని తిరిగొస్తారు. నేనూ అదే చేశాను. ముందు ఓ రెండు వారాలు మీ మిద్దె మీద, పెరట్లో తిరిగే మామూలు పిగిలిని గమనించండి. నల్ల తల, చిన్న జుట్టు, తోక కింద ఎర్ర మచ్చ. అది కొమ్మ మీద ఎలా వాలుతుంది, ఎలా అరుస్తుంది, పండును ఎలా పొడుస్తుంది అన్నవి కంటికి, చెవికి అలవాటైపోవాలి. అప్పుడే గుంపులో వేరే పిట్ట ఉంటే చటుక్కున తెలుస్తుంది.

తర్వాత తెల్ల కనుబొమ పిగిలి. అసలు చిక్కంతా దీనితోనే. తుప్పల్లో దాక్కుని ఉన్నట్టుండి గలగలమని అరుస్తుంది. మనం వెతికే పిట్ట అరుపు కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది. ఆ గొంతు వెంట పడి తలకోన దగ్గర ఒక పూటంతా పోగొట్టుకున్నాను. చివరికి పొదలోంచి బయటికొచ్చింది తెల్ల కనుబొమదే! ఫోన్లో, అరుపు విని పిట్టను గుర్తుపట్టే మెర్లిన్ యాప్ పేరు చూపించినా సరే, కంటితో చూడందే నమ్మొద్దు.

గుర్తులు ఇవీ: తల, గొంతు పచ్చదనం కలిసిన పసుపు. పొట్ట బూడిద రంగు. తోక కింద పసుపు, తోక చివర కూడా పసుపు. నెత్తిన జుట్టు ఉండదు.

చోటు ఎంచుకోండి

దట్టమైన అడవి కాదు, పెద్ద పెద్ద గుండ్లు, వాటి సందుల్లో పొదలు, అక్కడక్కడా మర్రి, రావి జాతి చెట్లు ఉన్న కొండవాలు కావాలి. చెట్టు నిండా పండ్లుంటే ఇంకేం, పని సగం అయిపోయినట్టే. ఎండాకాలంలో అయితే బండల మధ్య నీళ్లు నిలిచే గుంటలు చూసుకోండి.

తిరుపతి వాళ్లకు దగ్గరిది శేషాచలం. శ్రీ వెంకటేశ్వర నేషనల్ పార్కు పక్షుల జాబితాలో ఈ పిగిలి ఉంది. తలకోన వైపు పోతే జలపాతం దాకా పరుగెత్తకుండా, దారి పక్కన రాళ్లున్న చోట ఆగండి. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ దూరమే, కానీ నాకైతే అదే నచ్చుతుంది. రాత్రికి కొండ మీదే ఉండిపోతే, పొద్దున టూరిస్టు కార్లు రాకముందే మీ పని మొదలవుతుంది.

తెల్లారేసరికి అక్కడుండండి

మొదటి రెండు గంటలే ముఖ్యం. ఎండెక్కాక పిట్టలు పొదల్లోకి జారుకుంటాయి. పండ్ల చెట్టుకో నీటి గుంటకో కాస్త దూరంగా, సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా కూర్చోండి. తిరగడం కన్నా కూర్చోవడమే మేలు. అరగంట కదలకుండా ఉండటం మనవాళ్లకు ఎంత కష్టమో నాకు తెలుసు. ఫోన్ జేబులోనే ఉండనివ్వండి.

బైనాక్యులర్స్ 8x42 రకం చాలు. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, 42 మిల్లీమీటర్ల అద్దం కాబట్టి తెల్లవారుజాము మసక వెలుతురులోనూ పనిచేస్తుంది. మట్టి రంగు చొక్కా, నీళ్ల బాటిల్, ఒక నోటుబుక్కు.

కొన్ని జాగ్రత్తలు

రికార్డు చేసిన అరుపు వినిపించి పిట్టను రప్పించే పని పెట్టుకోవద్దు. ఇంకో పిట్ట తన చోటులోకి వచ్చిందనుకుని అది తిండి మానేసి కొట్లాటకు దిగుతుంది. గూడు కనిపిస్తే ఫోటో కూడా తీయకుండా వచ్చేయండి.

శేషాచలంలో చిరుతలున్నాయి, కాబట్టి ఒంటరిగా పోవద్దు. టికెట్టు తీసుకుని, అనుమతి ఉన్న దారిలోనే నడవండి. ఇది ఎర్రచందనం అడవి. టోపీ పెట్టుకుని, బ్యాగు తగిలించుకుని దారి తప్పి తిరిగితే ఫారెస్టు వాళ్లకు మీరు పక్షి ప్రేమికుల్లా కనిపించకపోవచ్చు.

చూసిన వెంటనే టైము, చోటు, పిట్ట ఏం తింటోందో రాసుకోండి. చూసిన పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కిస్తే వేరేవాళ్లకూ పనికొస్తుంది. కానీ పసుపు తల సరిగ్గా చూడకుండా పేరు రాయొద్దు, పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి. నా నోటుబుక్కులో అలాంటివి నాలుగున్నాయి.