వాన, గాలి, ఖాళీ చేతులు: పెన్సిల్వేనియా జింక సీజన్లో ఎప్పుడు కాల్చాలి, ఎప్పుడు ఆగాలి

థాంక్స్‌గివింగ్ అయిన శనివారం పెన్సిల్వేనియాలో రైఫిల్ సీజన్ మొదలవుతుంది, దాదాపు రెండు వారాలు ఉంటుంది. 2019 కి ముందు సోమవారం మొదలయ్యేది, పల్లెటూళ్ళ వైపు చాలా స్కూళ్ళకి ఆ రోజు సెలవు, అంత పెద్ద పండగ అది. ఆదివారం వేట కూడా దశాబ్దాల పాటు నిషేధమే, 2019 లో ఏడాదికి మూడు ఆదివారాలు ఇచ్చారు, 2025 లో చట్టం మార్చి ఏ ఆదివారాలు తెరవాలో గేమ్ కమిషన్ (వేట రూల్స్ చూసే రాష్ట్ర సంస్థ) చేతికే ఇచ్చారు. ఇంతా చేసి ఉద్యోగం చేసుకునేవాళ్ళకి దొరికేది నాలుగైదు రోజులు, ఆ నాలుగైదు రోజుల్లోనే వాన పడుతుంది, లేకపోతే డిసెంబర్లో కూడా 60 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ కాస్తుంది, జింక అనేది కనపడదు.

సీజన్ సగం అయిపోయి చేతిలో ఏమీ లేక, తడిసి వణుకుతూ కూర్చున్న మనిషికి పొదల మధ్య సగం జింక కనపడితే చాలు, వేలు ట్రిగ్గర్ మీదకి పోతుంది. నేను చూసినంతలో గాయపడి దొరక్కుండా పోయిన జింకల్లో ఎక్కువ భాగం అలాంటి నిమిషంలో వేసిన షాట్ల వల్లే. వేట నీతి గురించి క్యాంపుల్లో రాత్రంతా వాదించుకుంటారు గానీ ఆ వాదన తేలాల్సింది చెట్టు ఎక్కక ముందు, ఇంట్లో. ఏ పరిస్థితిలో కాల్చనో ముందే రాసి పెట్టుకోవాలి, అది ఎలాగో చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

ముందు కాగితాల సంగతి

ఇది అమెరికాలో ఉన్న మనవాళ్ళ కోసం. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం కింద జింకని వేటాడటం నేరం, జైలు శిక్ష ఉంటుంది, ఊరు వెళ్ళినప్పుడు ఎవరైనా పిలిచినా ఆ పక్కకి పోవద్దు.

ఎఫ్1, హెచ్1బీ, హెచ్4 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు, దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని హంటింగ్ లైసెన్స్. అది చేతిలో లేకుండా ఫ్రెండ్ రైఫిల్ పట్టుకుని షూటింగ్ రేంజ్‌కి వెళ్ళినా ఇబ్బందే. లైసెన్స్ గడువు అయిపోయిన మర్నాడు ఆ మినహాయింపు కూడా పోతుంది, అందుకని తేదీలు చూసుకోండి, తుపాకీ కొనే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక మాట అడగండి. మొదటిసారి లైసెన్స్ తీసుకునేవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి. రైఫిల్ సీజన్లో తల, ఛాతీ, వీపు మీద కలిపి 250 చదరపు అంగుళాల ఫ్లోరసెంట్ ఆరెంజ్ ఉండాలి, అన్ని వైపుల నుంచీ కనపడాలి.

మీ హద్దు మీరే కొలుచుకోండి

అక్టోబర్లో రేంజ్‌కి వెళ్ళేటప్పుడు ఆరంగుళాల పేపర్ ప్లేట్లు ఒక కట్ట తీసుకెళ్ళండి. బెంచ్ మీద ఇసుక బస్తా పెట్టి కాల్చడం కాదు, వేటలో ఎలా కూర్చుంటారో అలా కూర్చుని, వేటకి వేసుకునే మందపాటి కోటు, గ్లోవ్స్ వేసుకుని కాల్చండి, కోటు వల్ల రైఫిల్ భుజం మీద కూర్చునే తీరే మారిపోతుంది. ఐదుకి ఐదు ప్లేట్లో పడిన దూరమే మీ దూరం. అది 80 గజాలైతే 80 గజాలే, పక్కవాడు 300 అంటాడు, అననివ్వండి. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు ఎనిమిది అంగుళాలు, అందుకే ప్లేట్ దానికంటే చిన్నది తీసుకోమంటున్నా, చలికి, గుండె దడకి కొంచెం మార్జిన్ వదలాలి కదా.

ఆ దూరాన్ని ఫోన్ నోట్స్‌లో రాసుకుని కింద ఇంకో నాలుగు లైన్లు రాయండి. ఈదురుగాలి ఉంటే సగం దూరమే. పొగమంచులో జింక వెనకాల ఏముందో కనపడకపోతే లేదు. పరిగెత్తే జింక మీద లేదు. గట్టి వాన పడుతుంటే సాయంత్రం చివరి అరగంట లేదు. చట్టం సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకు ఒప్పుకుంటుంది, అయినా సరే, ఎందుకో కింద చెప్తా.

ఇంకొకటి అసలు రాసుకోవాల్సిన అవసరం కూడా ఉండకూడదు, శబ్దం మీద, కదిలే పొద మీద కాల్చొద్దు. దశరథుడి కథ మనకెవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు, ఏనుగు నీళ్ళు తాగుతోందనుకుని బాణం వేస్తే కడవ ముంచుతున్న కుర్రాడు పోయాడు. ఇక్కడ ప్రతి హంటర్ ఎడ్యుకేషన్ క్లాసులోనూ చెప్పేది అదే, ఏం కొడుతున్నావో, దాని వెనక ఏముందో తెలియకుండా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకు.

వాతావరణం

గాలి రోజుల్లో జింకలు కదలవని అందరూ అంటారు. పెన్ స్టేట్ వాళ్ళు జింకలకి జీపీఎస్ కాలర్లు కట్టి చూస్తే గాలి ఉన్న రోజు పగటిపూట తిరగడం తగ్గలేదు, కొంచెం పెరిగింది కూడా. కాబట్టి గాలి ఉందని ఇంట్లో కూర్చోవద్దు, చోటు మార్చండి, గాలి తగలని వైపు కొండవాలు, హెమ్లాక్ చెట్లు దట్టంగా ఉన్న చోటు చూసుకోండి. ట్రీ స్టాండ్ (చెట్టుకి బిగించి ఎక్కి కూర్చునే సీటు) ఊగుతుంటే మాత్రం దిగిపోయి నేల మీద చెట్టుకి వీపు ఆనించి కూర్చోండి, ఊగే స్టాండ్ మీద నుంచి సరైన షాట్ ఎవరూ వెయ్యలేరు. మీ వాసన జింకకి చేరే లెక్క కూడా మర్చిపోవద్దు, పొద్దున ఎండ పొడిచాక గాలి వాలు వెంట పైకి పోతుంది, సాయంత్రం చల్లబడ్డాక కిందకి దిగుతుంది, అందుకని పొద్దున మీరు పైన, సాయంత్రం కింద.

వెచ్చటి రోజులు అన్నిటికంటే విసుగు. చలికోటు వేసుకున్న జింక 60 డిగ్రీల్లో పగలు తిరగడానికి ఇష్టపడదు, రాత్రి తిరుగుతుంది. రట్ (జింకలు జతకట్టే కాలం) లేట్ అయింది అని కొందరు సర్ది చెప్పుకుంటారు, రట్ టైమ్‌ని నిర్ణయించేది పగటి వెలుతురు ఎంతసేపు ఉందనేది, ఏ ఏడైనా కాస్త అటూ ఇటూగా అదే రోజుల్లో వస్తుంది, ఎండకి ఆగదు. అలాంటి రోజు నీళ్ళ పక్కన, నీడ ఉండే ఉత్తరం వాలు మీద మొదటి గంట, చివరి గంట కూర్చుని మధ్యలో ఇంటికి వెళ్ళి నిద్రపోవడం నయం. రోజంతా కూర్చుని విసుగెత్తి పోయాకే తప్పుడు షాట్లు వేస్తారు.

వాన, చలి కలిస్తే అసలు ప్రమాదం. ఫారెన్‌హీట్‌లో 20 డిగ్రీల పొడి చలి కంటే 38 డిగ్రీల వాన ఎక్కువమందిని పడగొడుతుంది. కాటన్ బనీను, జీన్స్ రెండూ వద్దు, తడిసిన కాటన్ ఒంట్లో వేడి లాగేస్తుంది, ఉన్ని గానీ సింథటిక్ గానీ వేసుకోండి, సాక్స్ ఒక జత అదనంగా జిప్‌లాక్‌లో పెట్టుకోండి. 1940 నవంబర్ 11న మిన్నెసోటా, విస్కాన్సిన్ వైపు పొద్దున వెచ్చగా ఉందని పలచటి కోట్లతో బాతుల వేటకి వెళ్ళినవాళ్ళు మధ్యాహ్నానికి మంచు తుఫానులో ఇరుక్కుపోయారు, ఆ తుఫానులో మొత్తం 140 మందికి పైగా పోయారు, వాళ్ళలో మిసిసిపి నది లంకల్లో చిక్కుకున్న వేటగాళ్ళు కూడా ఉన్నారు. ఇప్పుడు రాడార్ ఫోన్‌లోనే ఉంటుంది, చూడటం మీ పని. చేతివేళ్ళు జిప్ లాగలేకపోతున్నాయంటే సేఫ్టీ కూడా సరిగా తియ్యలేవు, ఆ రోజుకి వేట అయిపోయినట్టే, తూటాలు తీసేసి కారు దగ్గరికి నడవండి.

చిన్న విషయాలు గబగబా చెప్పేస్తా. రైఫిల్ మూతికి ఒక ముక్క ఎలక్ట్రికల్ టేప్ అంటిస్తే వాన లోపలికి పోదు. తడి రైఫిల్‌ని వెచ్చటి గదిలోకి తెస్తే స్కోప్ మసకబారుతుంది, ఖాళీ చేసి తాళం వేసి చల్లటి గరాజ్‌లో పెట్టండి. స్టాండ్ ఎక్కేటప్పుడు ఫుల్ బాడీ హార్నెస్ నేల మీదే తగిలించుకోండి, రైఫిల్ ఖాళీగా తాడుతో పైకి లాక్కోండి.

షాట్ వేశాక

మనవాళ్ళు వేట నేర్చుకునేటప్పుడు దీని మీద తక్కువ శ్రద్ధ పెడతారు. షాట్ వేయగానే కిందకి దూకొద్దు. జింక నిలబడ్డ చోటు పక్కన ఏ చెట్టుందో, ఆఖరిసారి ఎక్కడ కనపడిందో గుర్తు పెట్టుకుని అరగంట అక్కడే ఉండండి. తర్వాత నిలబడ్డ చోటికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని చూడండి. ఆకు మీద రక్తం లేత గులాబీగా, నురగగా చిన్న బుడగలతో ఉంటే ఊపిరితిత్తులు, జింక దగ్గర్లోనే పడిపోయి ఉంటుంది. ముదురు ఎరుపు, నల్లగా ఉంటే కాలేయం అయ్యుండచ్చు, నాలుగైదు గంటలు ఆగాలి. ఆకుపచ్చ మరకలు, పేడ వాసన, తెల్లటి వెంట్రుకలు ఉంటే పేగులు, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆగాలి. అలా దెబ్బతిన్న జింక వదిలేస్తే రెండు మూడొందల గజాల్లో పడుకుంటుంది, వెంటపడితే మైలు పోతుంది, ఇంక దొరకదు. రక్తం కనపడిన ప్రతిచోటా టాయిలెట్ పేపర్ ముక్క వేసుకుంటూ వెళ్ళండి, వెనక్కి తిరిగి చూస్తే ఏ దిక్కు పోయిందో లైనుగా కనపడుతుంది.

ఇప్పుడు ఇందాక చెప్పిన అరగంట సంగతి. వాన రక్తాన్ని కడిగేస్తుంది, వెచ్చటి రాత్రి మాంసాన్ని పాడు చేస్తుంది, 40 డిగ్రీలు దాటితే తొందరగా పాడవుతుంది. పేగులకి తగిలిన జింక కోసం తెల్లారేదాకా ఆగాలి, ఆగితే వాన జాడ చెరిపేస్తుంది, ఆగకపోతే జింక పారిపోతుంది, ఏది చేసినా ఆ ప్రాణి నరకం పడుతుంది, మీకు మాంసం కూడా దక్కదు. అందుకే అలాంటి సాయంత్రం ముందే దిగిపొమ్మంటున్నా. అయినా జరిగితే మాత్రం జాడ తొక్కి పాడు చెయ్యకుండా ట్రాకింగ్ కుక్క ఉన్నవాళ్ళకి ఫోన్ చెయ్యండి, పెన్సిల్వేనియాలో 2018 నుంచి పట్టీ కట్టిన కుక్కతో వెతకడం చట్టబద్ధం, యునైటెడ్ బ్లడ్ ట్రాకర్స్ అనే సంస్థ దగ్గర రాష్ట్రాల వారీగా నంబర్లుంటాయి, వాన పడ్డాక కూడా మంచి కుక్క వాసన పట్టగలదు.

వాదనలు

మన ఇళ్ళలో మొదట వచ్చే మాట, తల్లి జింకని చంపడం పాపం కదా అని. అడగాల్సిన ప్రశ్నే అది. పిల్లలు మే చివర, జూన్‌లో పుడతాయి, నవంబర్ చివరికి ఆరు నెలలవి, పాలు మానేసి ఉంటాయి, తల్లి లేకపోయినా బతకగలవు. ఇంకో పక్క జింకలు ఎక్కువైతే అడవిలో ఓక్ మొలకలన్నీ తినేస్తాయి, కింద ఫెర్న్ తప్ప ఏమీ మిగలదు, పక్షుల గూళ్ళకి పొద ఉండదు. మగవాటినే కొడుతూ పోతే మంద తగ్గదు. 2002 లో ఇక్కడ కొమ్ముల రూలు పెట్టి, రాష్ట్రంలో చాలా చోట్ల ఒక పక్క కొమ్ముకి కనీసం మూడు పాయింట్లు (కొనలు) ఉన్న మగజింకనే కొట్టాలన్నారు, అదే రోజుల్లో ఆడజింకల లైసెన్సులు కూడా పెంచారు, దాని మీద ఇప్పటికీ పాతవాళ్ళు కోపంగానే ఉంటారు. నా మటుకు నేను చట్టం ఇచ్చిన చోట ఆడజింకనే ముందు తీసుకుంటా. గోడకి కొమ్ములు తగిలించడం కంటే ఫ్రీజర్ నింపుకోవడం నాకు నిజాయితీగా అనిపిస్తుంది.

దూరం షాట్ల మీద నాకు జాలి లేదు. 600 గజాల నుంచి కొట్టగలను అనేవాళ్ళని ఒక్కటే అడగండి, ఈలోపు జింక ఒక్క అడుగు వేస్తే? ఆ దూరం చేరడానికి తూటాకి దాదాపు ఒక సెకను పడుతుంది. స్టీల్ ప్లేట్ మీద ఎంత దూరం నుంచైనా కాల్చుకోండి, ప్రాణం ఉన్నదాని మీద వద్దు.

ఎర సంగతి రాష్ట్రాన్ని బట్టి. టెక్సస్‌లో ప్రైవేట్ భూమిలో మొక్కజొన్న ఫీడర్ పెట్టి కొట్టడం చట్టబద్ధం, డాలస్ బావమరిది ఫోటో చూసి ఇక్కడ చెయ్యొద్దు, పెన్సిల్వేనియాలో చాలా చోట్ల అది నేరం, ఎర తీసేశాక కూడా 30 రోజులు ఆ చోట వేటాడకూడదు. సీసం తూటాల బదులు రాగివి వాడండి, సీసం ముక్కలు మాంసంలో కంటికి కనపడనంత చిన్నగా చెదురుతాయి, పిల్లలు తినే కూరలో ఎందుకు? వదిలేసిన పేగులు తిని గద్దలు కూడా సీసం విషంతో చస్తాయి.

శాకాహారులైన అత్తయ్యలు, స్నేహితులు వేటే తప్పంటారు. వాళ్ళతో గెలవడానికి ప్రయత్నించొద్దు. 1937 పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకులు, తూటాల మీద కట్టే పన్ను వన్యప్రాణుల సంరక్షణకి పోతుందని చెప్పచ్చు, అది నిజం, కానీ డబ్బు కట్టాం కదా అని చంపడం సరైనదైపోదు. షాపులో ప్యాకెట్ చికెన్ కొన్నప్పుడు ఆ కోడి ఎలా బతికిందో మనకి తెలియదు, ఈ జింక ఎలా బతికిందో, ఎలా పోయిందో నాకు తెలుసు, దాని బాధ్యత నాదే. నేను చెప్పగలిగింది అంతవరకే.

ఇంటికి తెచ్చాక

కదపక ముందే లైసెన్స్‌తో వచ్చే ట్యాగ్ రాసి జింకకి కట్టండి, పది రోజుల్లోపు గేమ్ కమిషన్‌కి రిపోర్ట్ చెయ్యండి. వెంటనే పొట్ట శుభ్రం చెయ్యాలి, వెచ్చగా ఉంటే లోపల ఐస్ బ్యాగులు పెట్టాలి. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ (జింకల మెదడుని పాడుచేసి చంపే జబ్బు) ఈ రాష్ట్రంలో 2012 లో బయటపడింది, ఆ జబ్బు ఉన్న ఏరియాల నుంచి తల, వెన్నెముక బయటికి తేకూడదు, అక్కడ తల పడేసే డబ్బాలు పెట్టి ఫ్రీగా టెస్ట్ చేస్తారు. ఎంత ఉడికించినా అది పోదు, రిజల్ట్ వచ్చేదాకా ఫ్రీజర్‌లో విడిగా పెట్టండి, పాజిటివ్ వస్తే తినొద్దు.

భుజం మాంసం అల్లం వెల్లుల్లి పట్టించి కుక్కర్లో ఎక్కువ విజిల్స్ రానివ్వండి, కొవ్వు ఉండదు కాబట్టి నూనె కొంచెం ఎక్కువ పడుతుంది. వెన్ను పక్క మెత్తటి ముక్క మాత్రం కుక్కర్లో వెయ్యొద్దు, పెనం మీద మిరియాలతో రెండు పక్కలా కాల్చి దించండి. మీ ఇంటికి ఎక్కువైతే హంటర్స్ షేరింగ్ ది హార్వెస్ట్ అనే కార్యక్రమం 1991 నుంచి నడుస్తోంది, అందులో చేరిన కసాయి దుకాణంలో జింకని ఇచ్చేస్తే కోసి ఫుడ్ బ్యాంకులకి పంపుతారు, అడ్రస్‌లు సీజన్‌కి ముందే చూసి పెట్టుకోండి.