ఇంగ్లీషు మాటల మెలకువలు – 6వ పాఠం: మెరుపుల్లో తేడాలు

ముందుగా గత పాఠంలోని అభ్యాసం: ఖాళీల్లో గ్లాన్స్, గ్లింప్స్ మాటల్లో ఏది సరిపోతుందో రాయమన్నాను. మూడో ఖాళీలో రావలసిన మాట గ్లింప్స్. ఆ వాక్యంలో ఉన్నది పరుగెత్తే రైల్లోంచి క్షణకాలం కంటబడిన గోపురం. గ్లాన్స్ మనం వేసే చూపు, గ్లింప్స్ మనకు దక్కే దృశ్యం.

ఈ రెండు మాటలూ 'గ్ల' అనే ధ్వనితో మొదలవుతాయి. ఈ వారం నేర్చుకోబోయే గ్లో, గ్లీమ్, గ్లింట్, గ్లిటర్, గ్లిమర్, గ్లిసెన్ కూడా అంతే. ఇంగ్లీషులో చూపుకూ వెలుగుకూ సంబంధించిన మాటలు చాలా ఈ గూటివే. ఒక ధ్వని ఇలా అనేక మాటల్లో ఒకే రకం అర్థాన్ని వెంటబెట్టుకుని రావడానికి బ్రిటిష్ భాషావేత్త జె.ఆర్. ఫర్త్ 1930లో 'ఫోనెస్థీమ్' అని పేరు పెట్టాడు. అలాగని దీన్ని సూత్రంగా పట్టుకోకండి. గ్లవ్‌లోనూ గ్లూలోనూ ఏ వెలుగూ లేదు.

నన్నడిగితే, వాడకానికి పనికొచ్చే ఆనవాలు మాట చివర ఉంది. స్పార్క్ అంటే నిప్పురవ్వ. దానికి చిన్న తోక తగిలిస్తే స్పార్కిల్, అంటే మళ్ళీ మళ్ళీ రవ్వలు చిమ్మినట్లు మెరవడం. ట్వింకిల్, గ్లిటర్, గ్లిమర్, షిమర్, ఫ్లికర్ మాటల చివర వినిపించే 'ల్', 'ర్' కూడా 'పదే పదే' అని చెప్పే పాత ప్రత్యయాలే. అదే పనికి మనం మాటను రెండుసార్లు పలుకుతాం: తళతళ, మిలమిల, మినుకుమినుకు. తోక లేని గ్లో, గ్లీమ్ సాధారణంగా నిలకడగా ఉండే వెలుగులు. గ్లింట్, ఫ్లాష్ మాత్రం తళుక్కుమని మాయమయ్యేవి. కాబట్టి ఏ మాట వాడాలో తేలనప్పుడు ఇదే సంగతిని తెలుగులో ఎలా చెబుతారో ఊహించండి. జంటమాట వస్తే తోక ఉన్నది వెతకండి. 'తళుక్కున' అని వస్తే గ్లింట్ గానీ ఫ్లాష్ గానీ సరిపోతుంది.

తరువాత చూడవలసింది, ఆ వెలుగు ఎక్కడిదని. గ్లో చాలావరకు వస్తువు సొంత వెలుగు, అదీ మంట లేని వెలుగు. బూడిద కింద ఎర్రగా ఉన్న నిప్పుకణిక గ్లో అవుతుంది. గ్లీమ్ ఎక్కువగా అరువు వెలుగు: చింతపండుతో తోమిన ఇత్తడి బిందె, పాలిష్ పట్టిన గచ్చు. తడి మీదా నూనె మీదా పడిన వెలుగుకు గ్లిసెన్. గడ్డి మీది మంచు, నుదుటి చెమట, నూనె రాసిన జడ, అన్నీ దీని కిందికే వస్తాయి. ఇందులో 'ట' అక్షరం రాస్తాం గానీ పలకం, లిజన్‌లో లాగే. షిమర్ అంటే అలలు అలలుగా కదిలే మెత్తని మెరుపు. చెరువు మీది వెన్నెలకూ పట్టుచీరకూ వాడతారు. మే నెల మధ్యాహ్నం తారురోడ్డు మీద గాలి నీళ్ళలా కదులుతూ కనిపిస్తుందే, దానికీ ఇదే మాట.

స్పార్కిల్ దగ్గర కాస్త ఆగాలి. కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పే కోహినూర్‌ను 1851లో లండన్ మహా ప్రదర్శనలో పెట్టారు. జనం ఎగబడి చూసి పెదవి విరిచారు. పేరుకు 'కాంతి పర్వతం' గానీ అది అనుకున్నంతగా స్పార్కిల్ కాలేదు. పాత పద్ధతిలో రాయి బరువు పోకుండా చూసుకుంటూ సాన పట్టేవారు. లోపలికి వెళ్ళిన వెలుగు తునకలై కంటివైపు తిరిగి రావాలంటే ముఖాల కోణాలు వేరుగా ఉండాలి. 1852లో దాన్ని మళ్ళీ కోయించారు. సుమారు 186 క్యారట్ల రాయి 105.6 క్యారట్లకు దిగింది. స్పార్కిల్ కోసం అంత రాయిని పొడి చేసుకున్నారన్నమాట! వజ్రాల వ్యాపారులు తెల్లని మెరుపును బ్రిలియన్స్ అనీ, రంగులుగా విరిసే దాన్ని ఫైర్ అనీ, రాయిని కదిపినప్పుడు పుట్టే తళతళను సింటిలేషన్ అనీ అంటారు.

నక్షత్రాలు మినుకుమనడాన్ని కూడా ఖగోళ శాస్త్రజ్ఞులు సింటిలేషన్ అనే అంటారు. మామూలు ఇంగ్లీషులో అది ట్వింకిల్. దూరపు నక్షత్రం మనకు ఒక చుక్క మాత్రమే కాబట్టి, వాతావరణంలోని కదలికలకు దాని వెలుగు వణుకుతుంది. గ్రహం చిన్న బిళ్ళంత ఉంటుంది కాబట్టి ఆ వణుకు చాలావరకు సర్దుకుపోతుంది. అందుకే శుక్రుడికి ట్వింకిల్ అంతగా అతకదు, షైన్ వాడండి.

ఇక కళ్ళు. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఆనందంతో మెరిసే కళ్ళు స్పార్కిల్. ఎదుటివాణ్ణి ఆట పట్టించే తాతగారి కళ్ళలో ఉండేది ట్వింకిల్. కోపం ఫ్లాష్ అవుతుంది. కన్నీరు గ్లిసెన్ అవుతుంది. ఏదో ఉపాయం తట్టినవాడి కంట్లో గ్లీమ్ కనిపిస్తుంది. గ్లింట్‌లో తరచు కపటమో మొండి పట్టుదలో తొంగిచూస్తుంది. గ్లిటర్ అంటే జ్వరపు కళ్ళో పగబట్టిన కళ్ళో కావచ్చు. తాతగారి గురించి ప్రేమగా రాస్తూ గ్లింట్ వాడితే, చదివేవాళ్ళు ఆయన ఎవరి ఆస్తి కాజేశారో అని అనుమానపడతారు. కళ్ళను వదిలి ముఖానికి వస్తే గ్లో హాయిగా అతుకుతుంది. ఆరోగ్యానికీ సంతృప్తికీ అదే మాట.

గ్లిటర్ మీద ఇంగ్లీషువాళ్ళకు పాత అనుమానమే ఉంది. మెరిసేదంతా బంగారం కాదనే సామెతలో వాడేది ఈ మాటనే. షేక్‌స్పియర్ మాత్రం అక్కడ 'గ్లిస్టర్' అని రాశాడు. ఆ మాట వాడుకలోంచి పోయాక జనం గ్లిటర్‌ను పెట్టుకున్నారు.

పత్రికల్లో తరచు కనిపించే జంటలు కొన్ని: కొడిగట్టిన ఆశకు 'గ్లిమర్ ఆఫ్ హోప్', ఎవరికైనా కనబడిపోయే తప్పుకు 'గ్లేరింగ్ ఎర్రర్', మనసారా చేసిన ప్రశంసకు 'గ్లోయింగ్ ట్రిబ్యూట్'. విదేశాల్లో హోటలు బల్ల దగ్గర స్పార్కిలింగ్ వాటర్ కావాలా అని అడిగితే అది గ్యాసు ఉన్న నీళ్ళ గురించి. మామూలు నీళ్ళు కావాలంటే స్టిల్ అనండి.

షైన్ భూతకాలానికి రెండు రూపాలు. సూర్యుడు షోన్, బూట్లు తుడిచినవాడు షైన్‌డ్. మొదటిదాన్ని బ్రిటిష్‌వాళ్ళు 'షాన్' అని పలుకుతారు.

ఈ వారం అభ్యాసం: కింది అయిదింటికీ ఒక్కొక్క మాట రాసి, ఎందుకో తెలుగులో ఒక్క ముక్క జోడించండి. వానకు తడిసిన అరటాకు. పొదల్లో పులి కళ్ళు ఒక్కసారి మెరిసి మాయమవడం. గాలికి అల్లాడే దీపం. కొండ మీంచి రాత్రిపూట కనిపించే ఊరి దీపాలు. ఎదురుగా వచ్చే లారీ హెడ్‌లైట్లు. నాలుగోదానికి ఒకటికంటే ఎక్కువ జవాబులు ఒప్పుకుంటాను, కారణం సరిగ్గా ఉంటే.

వచ్చే పాఠంలో చీకటి మాటలు: డిమ్, మర్కీ, డస్క్, గ్లూమ్. అవును, గ్లూమ్ కూడా 'గ్ల'తోనే మొదలవుతుంది.