క్రీప్ రీడింగ్ పెరిగిందా? ముందు ఇన్సులేషన్ విప్పండి

సమస్య: థర్మల్ ప్లాంటులో బాయిలర్ నుంచి టర్బైన్‌కు ఆవిరి తీసుకెళ్లే మెయిన్ స్టీమ్ పైపులోకి కరెంట్ పంపి, డ్యామేజీ వెతికే చోట ఉన్న ప్రోబ్ జత వోల్టేజ్‌ను రిఫరెన్స్ జత వోల్టేజ్‌తో భాగిస్తే వచ్చేది పొటెన్షియల్ డ్రాప్ రేషియో. అది ఓవర్‌హాల్‌కు (యూనిట్ ఆపి చేసే పెద్ద మరమ్మతుకు) ముందు 1.000 దగ్గర కదలకుండా ఉంది. యూనిట్ మళ్లీ లోడుకు వచ్చాక 1.015 చూపిస్తోంది. అంతే, "క్రీప్ వచ్చేసింది" అని టెన్షన్ మొదలు; క్రీప్ అంటే ఏళ్ల తరబడి వేడిలో, ఒత్తిడిలో లోహం మెల్లగా సాగిపోవడం.

ముందు కరెంట్ ఆపి మీటరు చూడండి. అప్పుడూ మైక్రోవోల్టులు కనిపిస్తే అది థర్మో ఈఎంఎఫ్, అంటే వేడి తేడా వల్ల పుట్టే వోల్టేజ్. తీగ ఒక లోహం, పైపు ఇంకో లోహం, ప్రోబ్ జతలో రెండు తీగలు అతికిన చోట్ల వేడిలో తేడా ఉంది. కరెంట్ దిశ తిప్పి, రెండు రీడింగుల తేడాలో సగం తీసుకుంటే పోతుంది. లావు పైపులో 10 ఆంపియర్లు పంపినా వచ్చే సిగ్నల్ కొన్ని మైక్రోవోల్టులే. ఈ చెక్ చేయకుండా రిపోర్టు రాసేవాళ్లకు చెప్పీ చెప్పీ విసుగొచ్చింది.

దిశ తిప్పినా 1.015 దిగలేదా? అసలు దొంగ రిఫరెన్స్ ప్రోబ్ దగ్గర ఉంటాడు. రెండు జతలూ ఒకే వేడిలో ఉంటేనే రేషియోలో ఉష్ణోగ్రత ప్రభావం కొట్టుకుపోతుంది. ఓవర్‌హాల్‌లో మినరల్ వూల్ ఇన్సులేషన్ తిరిగి కట్టేటప్పుడు తీగలు అడ్డొస్తున్నాయని మ్యాట్ కోసి, ఆ ఖాళీ మీదే అల్యూమినియం షీట్ బిగించేస్తారు. బయటికి తళతళలాడుతుంది, లోపల ఆ చోట 540 డిగ్రీల పైపు పదేసి డిగ్రీలు చల్లబడుతుంది. ఆ వేడిలో స్టీలు నిరోధం డిగ్రీకి సుమారు 0.1 నుంచి 0.2 శాతం మారుతుంది. రిఫరెన్స్ వోల్టేజ్ తగ్గితే రేషియో పెరుగుతుంది. పైపు కరెంట్ వెళ్లే దిశలో 0.5 నుంచి 1 శాతం సాగినా ఇంతే పెరుగుతుంది, అందుకే మోసపోతాం.

పట్టుకోవడం ఎలా? బాయిలర్ పైఅంతస్తులు ఆరుబయటే కదా, విజయవాడలో సాయంత్రం గాలివాన కొట్టినప్పుడు ట్రెండ్ చూడండి. లోడు మారకుండానే రేషియో పెరిగి, వాన వెలిశాక దిగితే అది ఇన్సులేషనే. క్రీప్ వెనక్కి రాదు. రెండు జతల పక్కన వేడి కొలిచే థర్మోకపుల్ చెరొకటి వెల్డ్ చేసి, మ్యాట్ ఖాళీ లేకుండా మళ్లీ కట్టించి, తీగలను అతుకులోంచి బయటికి తీయండి. సాఫ్ట్‌వేర్‌లో ఇప్పటి రీడింగునే కొత్త జీరోగా మాత్రం కొట్టొద్దు, నిజంగా డ్యామేజీ ఉంటే అదీ మాయమవుతుంది.

రీడింగ్ ఒక్కసారిగా పిచ్చి అంకెలకు పోతే ప్రోబ్ వెల్డ్ ఊడింది. కొత్త పైపులో మొదట్లో కాస్త తగ్గితే స్టీలులోని కార్బైడ్ల (కార్బన్ సమ్మేళనాల) మార్పు, వదిలేయండి.

ఇవన్నీ అయ్యాక కూడా నెలనెలా పెరుగుతూనే ఉంటే, వచ్చే షట్‌డౌన్‌లో వెల్డు పక్కన రెప్లికా (మైక్రోస్కోపులో చూడటానికి లోహపు ఉపరితలం అచ్చు) తీయించండి.