రక్తం పలచబరిచే మాత్ర మొదలుపెట్టే ముందు

ఇంట్లో పెద్దాయనకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం) అని రక్తం పలచబరిచే ఎపిక్సాబాన్ రాశారా? కిడ్నీలు కూడా అంతంతమాత్రమే అయితే మొదటి మాత్రకు ముందు ఇవి చూసుకోండి.

• బరువు ఈరోజు తూచండి. పాత చీటీలో అంకె పనికిరాదు.

• కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.3 అనగానే "కొంచెమే ఎక్కువ" అని ఊరట పడొద్దు. 82 ఏళ్లు, 52 కిలోలున్న మగమనిషికి వయసు, బరువు, క్రియాటినిన్‌లతో కట్టే కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్క ప్రకారం క్లియరెన్స్ (కిడ్నీలు రక్తాన్ని శుభ్రం చేసే వేగం) నిమిషానికి 32 మి.లీ.యే!

• 80 ఏళ్లు నిండటం, బరువు 60 కిలోలు లేదా తక్కువ, క్రియాటినిన్ 1.5 లేదా ఎక్కువ. వీటిలో రెండుంటే రోజుకు రెండుసార్లు 2.5 మి.గ్రా. ఒక్కటే ఉంటే మామూలుగా రోజుకు రెండుసార్లు 5 మి.గ్రా. రక్తం కారుతుందేమోనన్న టెన్షన్‌తో మీరే సగం చేయకండి, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. డోసు మార్చాల్సింది డాక్టరే.

• రక్తం పలచబరిచే ఇంకో మందు డాబిగాట్రాన్ రాస్తే డాక్టర్ని మళ్లీ అడగండి. అది 80 శాతం దాకా కిడ్నీల గుండానే పోవాలి.

• మోకాళ్ల నొప్పికని మెడికల్ షాపులో తెచ్చిన డైక్లోఫెనాక్ దిండు కింద ఉందేమో వెతకండి. చాలా ఇళ్లలో ఉంటుంది. తీసేయండి.

• వాంతులు, విరేచనాలు పట్టుకుంటే డాక్టరుకు చెప్పి క్రియాటినిన్ మళ్లీ చూపించాలి.

• తలకు దెబ్బ తగిలినా, విరేచనం తారులా నల్లగా అయినా వెంటనే ఆస్పత్రికి.