పరమాణువు లెక్క మొదలుపెట్టేముందు ఇవి చూసుకోండి

కావలి, కందుకూరు వైపు టెన్త్ పిల్లలూ, పరమాణువులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ఎలక్ట్రాన్లు ఎన్నో లెక్కకట్టమంటే, పెన్ను పెట్టేముందు ఒక్క నిమిషం ఆగండి.

- గుర్తు సరిగ్గా చదవండి. ఎన్ఏ అంటే సోడియం, నైట్రోజన్ కాదు.

- పరమాణు సంఖ్య ఏదో, ద్రవ్యరాశి సంఖ్య (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపితే వచ్చేది) ఏదో తేల్చుకోండి. ఒక్కో చార్టులో ఒక్కోచోట వేస్తారు కాబట్టి పైనా కిందా అని బట్టీ పట్టొద్దు, చిన్నదే పరమాణు సంఖ్య (మామూలు హైడ్రోజన్‌కి మాత్రం రెండూ 1). ప్రోటాన్లు అన్నే.

- న్యూట్రాన్లకు పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయడమే, కానీ పట్టికలో దశాంశం కనిపిస్తే జాగ్రత్త. మన ఇస్కపల్లి ఉప్పులో ఉండే క్లోరిన్‌కి 35.5 అని ఉంటుంది, అందులోంచి 17 తీసేసి 18.5 న్యూట్రాన్లు అని రాసేస్తారు, సగం న్యూట్రాన్ ఎక్కడైనా ఉంటుందా చెప్పండి! అది 35, 37 ఐసోటోపుల (న్యూట్రాన్లు మాత్రమే తేడాగా ఉండే ఒకే మూలకం రకాల) సగటు, నాలుగింట మూడొంతులు 35దే. ప్రశ్నలో ఏ ఐసోటోపు ఇచ్చారో చూసి 18 గానీ 20 గానీ రాయండి.

- గుర్తు పక్కన ప్లస్, మైనస్ ఉందా? ఉంటే అది అయాన్. ప్లస్ చూడగానే ఎలక్ట్రాన్లు కలిపేయకండి, ప్రోటాన్ల లెక్కలోంచి తీసేయాలి; మైనస్‌కైతే కలపాలి. ఉప్పులోని సోడియం అయాన్‌కి ప్రోటాన్లు 11, ఎలక్ట్రాన్లు 10. మైనస్ ఉన్న క్లోరైడ్‌కి 17, 18.