సెన్సర్ బార్ పాడైతే రెండు కొవ్వొత్తులు చాలు

ఆదివారం పిల్లలతో బౌలింగ్ ఆడదామని పాత నింటెండో వీ (టీవీకి తగిలించి, రిమోట్ ఊపుతూ ఆడే గేమ్ మెషీన్) బయటికి తీస్తే, టీవీ దగ్గర పెట్టే దాని సెన్సర్ బార్ వైరును ఎలుక కొరికేసి ఉంది. స్క్రీన్ మీద రిమోట్‌తో కదిపే చేతి గుర్తే రాదు. నల్లగొండలో నాలుగు షాపులు తిరిగినా ఆ వస్తువు పేరే ఎవరికీ తెలియలేదు.

ఆ బార్ చేసేదల్లా రెండు చివరల నుంచి కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు ఇవ్వడమే. దాన్ని చూసేది రిమోట్ ముందున్న కెమెరా. కొవ్వొత్తి మంటలోనూ ఆ వెలుగు ఉంటుంది. టీవీ కింద మధ్యలో, జానెడు ఎడంతో (20 సెంటీమీటర్లు) ఒకే ఎత్తున్న రెండు కొవ్వొత్తులు పెట్టి, ఆరేడు అడుగుల దూరం నుంచి రిమోట్ చూపించండి. ఫ్యాన్ గాలికి మంట ఊగితే గుర్తు కూడా ఊగుతుంది, అందుకే మేం చాయ్ గ్లాసుల్లో పెట్టాం. ఫ్యాన్ ఆపితే మా అమ్మ ఆడనంది మరి!

మెనూలో ఆట, బొమ్మలు ఎంచుకునేదాకే వీటి అవసరం. బౌలింగ్‌లో చేతి ఊపును రిమోట్ లోపలి సెన్సరే పట్టుకుంటుంది కాబట్టి, మా చిన్నది చెయ్యి ఊపేలోపే కొవ్వొత్తులు ఆర్పేస్తాను.

టీవీ వైపు కిటికీలోంచి ఎండ పడుతుంటే మాత్రం రిమోట్ తికమక పడుతుంది, కర్టెన్ వేయాల్సిందే. బ్యాటరీతో వెలిగే ఎల్ఈడీ కొవ్వొత్తులు దీనికి పనికిరావు.