వరద వేళ నగర పాలన – 4వ పాఠం: పడవ ఎవరు తెప్పించాలి?

పోయిన పాఠంలో హెచ్చరిక ఎవరి నుంచి ఎవరికి, ఏ దారిలో చేరాలో చూశాం. ఈసారి నీళ్లు ఇళ్లలోకి వచ్చేశాయి. ఇప్పుడు ఏ అధికారం ఎవరి చేతిలో ఉందో తెలియాలి. వార్డు సచివాలయ ఉద్యోగులూ, కాలనీల్లో సాయానికి దిగే కుర్రాళ్లూ చదువుతున్న పాఠాలివి కాబట్టి మనందరికీ గుర్తున్న ఊరినే తీసుకుందాం.

విజయవాడ, 2024 సెప్టెంబరు 1. బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద. జనం మేడల మీదికి ఎక్కారు. డ్రోన్లతో ఆహారం పంపారు. అయినా మెయిన్ రోడ్డు పక్కవాళ్లకు అందిన పొట్లం లోపలి సందుల్లో చాలామందికి అందలేదు. ప్రైవేటు పడవలవాళ్లు మనిషికి వేలల్లో అడుగుతున్నారని ఫిర్యాదులు వచ్చాయి. పసిబిడ్డతో మేడ మీద ఉన్న తల్లి బేరం ఆడగలదా?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ పడవను ప్రజల పనికి స్వాధీనం చేసుకునే అధికారం ఎవరిది? కార్పొరేటర్‌దా, మునిసిపల్ కమిషనర్‌దా, తహసీల్దారుదా, కలెక్టర్‌దా? మీ జవాబు కాగితం మీద రాశాకే కిందికి చదవండి.

విపత్తు నిర్వహణ చట్టం, 2005లో సెక్షన్ 65 చూడండి. జిల్లా స్థాయిలో ఈ అధికారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థది. దానికి అధ్యక్షుడు కలెక్టర్. ఆ సంస్థ ఎవరికి అధికారం అప్పగిస్తే ఆ అధికారి కూడా ఆదేశం ఇవ్వొచ్చు. అంటే తహసీల్దారైనా, కమిషనరైనా, ఆ అప్పగింత ఉంటేనే కుదురుతుంది. కార్పొరేటర్ బతిమాలి తెప్పించవచ్చు గానీ ఆదేశం ఇవ్వలేరు. ఆదేశం నోటిమాటగా చెల్లదు, రాతలో ఉండాలి. ఈ సెక్షన్‌లో వాహనం అంటే ఇంజనుతో నడిచేదే కానక్కర్లేదు. తెడ్డు వేసి నడిపే నాటుపడవ కూడా అందులోకి వస్తుంది.

ఇప్పుడు అసలు పని, ఆ కాగితం రాయడం. వానలో నిలబడి, గొడుగు కింద రిజిస్టరు పెట్టుకుని రాయాల్సి వస్తుంది కాబట్టి ఇంట్లో కూర్చుని నాలుగుసార్లు రాసి చేయి అలవాటు చేసుకోండి. అధికారం ఉన్నవారు సంతకం పెట్టడానికి మీరు తయారుచేసే ముసాయిదా ఇలా ఉండాలి:

"తేదీ, సమయం. సెక్షన్ 65 కింద ఆదేశం. నీలం రంగు ఫైబర్ పడవ, ముందు భాగంలో కుడివైపు జానెడు పగులు, ట్యాంకులో సగం డీజిల్. యజమాని పేరు, ఫోను నంబరు. నడిపేది యజమానే. పని: ఫలానా మూడు వీధుల నుంచి గర్భిణులను, మంచాన పడ్డ పెద్దవాళ్లను పునరావాస కేంద్రానికి చేర్చడం. గడువు: రేపు సాయంత్రం 6 గంటల వరకు."

పగులు సంగతి ఎందుకంటారా? పడవ తిరిగి ఇచ్చేటప్పుడు గొడవంతా అక్కడే మొదలవుతుంది. ముందే ఉన్న దెబ్బా, మన పనిలో తగిలిన దెబ్బా అన్నది ఆ ఒక్క మాట తేల్చేస్తుంది. కుదిరితే ఫోన్‌లో ఫొటో కూడా తీయండి. గడువు రాయడం కూడా మర్చిపోవద్దు. అవసరం తీరాక ఎవరి వస్తువునూ మన దగ్గర ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు.

యజమానికి మొదట చెప్పాల్సిన మాట సెక్షన్ 66. ఆ ప్రాంతంలో అలాంటి పడవకు నడుస్తున్న అద్దెను బట్టి పరిహారం కడతారు. ఆ మొత్తం నచ్చకపోతే నిర్ణీత గడువులోపు ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టి మధ్యవర్తి దగ్గరికి వెళ్లవచ్చు. ఇది చెప్పకుండా "కేసు పెడతాం" అని మొదలుపెడితే రాత్రికి రాత్రే పడవ మాయమవుతుంది. ఆయన ఇల్లూ మునిగి ఉండొచ్చు, ఆ పడవే ఆయన కూడు. అడ్డుపడితే సెక్షన్ 51 కింద ఏడాది వరకు జైలు, ప్రాణాలు పోతే రెండేళ్ల వరకు. కానీ అది చివరి మాటగానే ఉండాలని నా గట్టి అభిప్రాయం.

జిల్లా సంస్థకున్న మిగతా అధికారాలు చాలావరకు సెక్షన్ 34లో ఉన్నాయి. రాకపోకలు ఆపడం, ప్రమాదకరమైన కట్టడం కూల్చడం, తాత్కాలిక వంతెన వేయడం, ఏ శాఖ దగ్గరున్న సామగ్రినైనా వాడమని చెప్పడం. నీళ్లు తీశాక విజయవాడలో ఇళ్లలోని బురదను ఫైరింజన్లతో కడిగించారు. మంటలార్పే బండిని మరో పనికి దింపాలన్నప్పుడు ఈ అధికారం పనికొస్తుంది. అత్యవసర కొనుగోళ్లకు టెండరు అక్కర్లేదని సెక్షన్ 50 చెబుతుంది. కానీ ఆ సామగ్రిని వాడినట్టు అధికారి ఇచ్చే ధ్రువపత్రం ఉండాలి, అదే ఓచరు.

మరి కమిషనర్ పని? సెక్షన్ 41 తీయండి. అందులో కార్పొరేషన్‌కు అధికారాల కంటే బాధ్యతలే ఎక్కువ. సిబ్బందికి శిక్షణ, సామగ్రి ఎప్పుడూ సిద్ధంగా ఉంచడం, కట్టడాలు ప్రమాణాల ప్రకారం ఉండేలా చూడటం, ఆపైన సహాయ, పునరావాస పనులు. మొదటి మూడూ వరదకు ముందే చేయాల్సినవి. మోటారు పంపు జూన్‌లోనే ఆడించి చూడకపోతే సెప్టెంబరులో అది స్టార్టు కాదు. బురదలోకి దిగే పారిశుధ్య కార్మికురాలికి బూట్లు, గ్లౌజులు స్టోర్‌లో ఉన్నాయా అన్నది కూడా ఈ సెక్షన్ ప్రశ్నే. దీనికి ఎవరూ టెన్షన్ పడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

2025 సవరణతో ఒక మార్పు వచ్చింది. రాజధానులకు, కార్పొరేషన్లు ఉన్న నగరాలకు రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా పట్టణ విపత్తు నిర్వహణ సంస్థను పెట్టవచ్చు. దానికి అధ్యక్షుడు మునిసిపల్ కమిషనర్, ఉపాధ్యక్షుడు కలెక్టర్.

ఇంటిపని: మీ నగరానికి ఆ సంస్థ ఏర్పాటైందో లేదో కనుక్కుని నోటుబుక్కు మొదటి పేజీలో రాయండి. తర్వాత మీ వార్డులోని ఒక కల్యాణ మండపాన్ని రెండు రోజులకు తీసుకుంటున్నట్టు ఊహించి, పైన చూపినట్టే ఆదేశం ముసాయిదా రాయండి. మరుగుదొడ్లు ఎన్ని, నీళ్ల ట్యాంకు ఎంత, ముసలివాళ్లు ఎక్కలేని మెట్లు ఎన్ని అన్నది స్వయంగా వెళ్లి లెక్కపెట్టుకురండి. 5వ పాఠం ఆ మండపంలోనే, పునరావాస కేంద్రం రిజిస్టరుతో మొదలవుతుంది.